నగర రైలు: ఎవరి వాటా ఎంత?

మహానగరములు ప్రభుత్వమును సాధారణముగ కోరునవి రెండు: ఒకటి రైలు, రెండవది రహదారి. హైదరాబాదు నగరమును పాతికేండ్లుగా ఈ రెంటికొరకు రాష్ట్రమును, కేంద్రమును అర్థించుచునే యున్నది. కొన్ని కోరికలు నెరవేరినవి. కొన్ని సగము దారిలో నిలిచినవి. అవి యేల నెరవేరినవో, ఇవి యేల నిలిచినవో విచారించుటయే ఈనాటి మన ప్రసంగ విషయము.

మొదట గ్రహింపవలసిన దొకటి కలదు. మన రాజ్యాంగమున రైల్వేలు కేంద్ర జాబితాలోనివి. జాతీయ రహదారులును అంతే. తక్కిన రహదారులు రాష్ట్రమునకు చెందినవి. 1992 నాటి 74వ సవరణతో చేరిన 12వ షెడ్యూలు, రోడ్లను, వంతెనలను పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనులలో పేర్కొన్నది. ఉదయమున ఫలక్‌నుమాలో ఇల్లు వెడలి లింగంపల్లికి పనికిపోవు మనిషి పురపాలక సంఘపు వీధిలో నడచి, రాష్ట్రపు బస్సెక్కి, కేంద్రపు రైలు అందుకొనును. ప్రయాణ మొక్కటే; యజమానులు మువ్వురు. నగర రవాణాలోని చిక్కులలో పెక్కింటికి మూల మిక్కడ నున్నది.

వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో రైలుమార్గము వచ్చినది. లింగంపల్లి, బేగంపేటల మీదుగా సాగు ఆ పాత మార్గమే తరువాతి కాలమున నగరమునకు అక్కరకు వచ్చినది. ఉన్న పట్టాలపైననే నగర రైళ్లను నడుపుటకు రాష్ట్రము, రైల్వే శాఖ చెరిసగము ఖర్చు భరించునట్లు ఒప్పందము చేసికొన్నవి. 2003 ఆగస్టు 9న నాటి ఉపప్రధాని ఎల్.కె. అద్వానీ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లను ప్రారంభించిరి. కొత్తగా భూమి సేకరింపవలసిన అగత్యము స్వల్పము; వాటాలు సమానము; పని నెరవేరినది.

రెండవ దశ కథ వేరు. ఇది 2012-13లో మంజూరైనది. అంచనా వ్యయము 816 కోట్ల రూపాయలు. ఈసారి మూడింట రెండు వంతులు రాష్ట్రము, ఒక వంతు రైల్వే శాఖ ఇచ్చునట్లు నిర్ణయమైనది. రాష్ట్రపు వాటా సకాలమున అందలేదని రైల్వే శాఖ పలుమారు తెలిపినది. సనత్‌నగరు, మౌలాలి నడుమ రక్షణ శాఖ భూముల చిక్కు అడ్డు వచ్చినది. శంషాబాదు విమానాశ్రయము వరకు పోవలసిన మార్గము ఉమ్దానగరు వద్దనే ఆగినది. మేడ్చల్, ఉమ్దానగరు బండ్లు 2023 ఏప్రిల్‌లోను, ఘటకేసరు నుండి లింగంపల్లికి బండి 2024 మార్చిలోను మొదలైనవి. మంజూరు నాటికిని, బండి కూత వినబడిన నాటికిని నడుమ ఒక దశాబ్దము గడచినది. ఆ దశాబ్దములో పట్నపు అంచున ఇల్లు కట్టుకొన్నవాడు రైలు కొరకు వేచియుండలేదు. ద్విచక్ర వాహనము కొనుక్కొన్నాడు.

ఇక రహదారుల సంగతి. నగరము చుట్టును 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు ఎనిమిది వరుసలతో ఏర్పడినది. జపాను సహకార సంస్థ ఋణమును దీనికి తోడ్పడినది. 2023లో దీనిపై 30 ఏండ్లపాటు సుంకము వసూలు చేయు హక్కును సుమారు 7,380 కోట్ల రూపాయలకు ఒక సంస్థకు ఇచ్చిరి. దీనికి వెలుపల తలపెట్టిన ప్రాంతీయ వలయ రహదారి ఉత్తర భాగమునకు, భూసేకరణ వ్యయములో సగము రాష్ట్రము భరింపవలెనని నిర్ణయమైనది.

రోడ్డుకు ధనము దొరకుట సులభము, రైలుకు కష్టము. కారణము సుస్పష్టము. కారు నడుపువాడు సుంకము చెల్లించును. ఆ సుంకమును చూపి ఋణము తేవచ్చును. అయిదు రూపాయల టికెట్టుతో మొదలగు నగర రైలు తన పెట్టుబడిని తాను రాబట్టుకొనజాలదు. అది కూలీకి, గుమాస్తాకు, విద్యార్థికి నడచు బండి. దాని లాభము లెక్కల పుస్తకములో కనబడదు. ఖాళీయైన రోడ్డులోను, మిగిలిన గంటలోను కనబడును. ఆ లాభము అందరిది కనుక ఖర్చును అందరిదే కావలెను.

ఇపుడు నగరము మరల అడుగుచున్నది. మెట్రో రెండవ దశ కొరకు 76 కిలోమీటర్ల ప్రణాళిక, సుమారు 24,269 కోట్ల వ్యయముతో 2024 నవంబరులో కేంద్రమునకు పంపబడినది. అందు రాష్ట్రపు వాటా నూటికి 30, కేంద్రపు వాటా నూటికి 18. మిగిలినదానిలో అధిక భాగము ఋణము. 2017 నాటి జాతీయ మెట్రో విధానము ఇట్టి అర్జీలకు కొన్ని నియమములు పెట్టినది. ఇతర రవాణా మార్గములతో పోల్చి చూపవలెను. స్టేషనుకు చేరు కాలిబాటలను, బస్సులను చెప్పవలెను. నగర రవాణా నంతటిని ఏలు ఒక సంస్థ ఉండవలెను. ఇవి కేవలము కాగితపు నియమములని మనము తలపరాదు. ఎం.ఎం.టి.ఎస్. అను పేరునకు అర్థమే బహువిధ రవాణా వ్యవస్థ. రైలు దిగినవానికి బస్సు అందనిచో ఆ పేరులో సగమే నిజము.

కావున ఏ నగరమైనను ప్రభుత్వమును అడుగబోవునపుడు మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధము చేసికొని పోవలెను. మన వాటా ఎక్కడనుండి వచ్చును, ఏటేట తప్పక వచ్చునా? స్టేషను వెలుపలి వీధిని బాగుచేయు బాధ్యత ఎవరిది? ప్రారంభోత్సవము ముగిసిన పిమ్మట బండ్లను నడుపుట కగు నష్టమును ఎవరు భరింతురు? ఈ మూడింటికి జవాబు లేని మంజూరు పత్రము తేదీ వేయని చెక్కు వంటిది.

ఇక పౌరులుగ మనకును ఒక పని కలదు. రైలు మంజూరైనదని విని సంతోషించి ఊరకుండుట చాలదు. ప్రతి సంవత్సరము బడ్జెటు వెలువడినపుడు ఆ పద్దు క్రింద ఎంత కేటాయించిరో, అందెంత విడుదల చేసిరో అడిగి తెలిసికొనవలెను. కేటాయింపు మాట, విడుదల మూట. రైలు మాటతో కదలదు.