కారుకు తోక

తెనాలి రైల్వే స్టేషను బయట అద్దెకు నిలిచి ఉండే కార్లను ఒకసారి పరికించి చూడండి. వాటిలో చాలావాటికి వెనుక ఒక పెట్టె ఉంటుంది. దానిని మనవారు డిక్కీ అంటారు. అదే ఊరిలో ఇండ్ల ముంగిళ్ళలో ఆగి ఉండే సొంత కార్లను చూస్తే, అనేకమైన వాటికి ఆ పెట్టె కనిపించదు. వెనుక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. మొదటి తరహా కారును సెడాన్ అనీ, రెండవ తరహాను హాచ్‌బాక్ అనీ వ్యాపార పరిభాషలో వ్యవహరిస్తారు. పలు సందర్భాలలో ఇవి రెండూ ఒకే కారుకు రెండు రూపాలు. యంత్రం ఒకటే, ముఖం దాదాపు ఒకటే. ఒకదానికి తోక తగిలించారు, రెండవదానికి తగిలించలేదు. మారుతి స్విఫ్టు నుంచి డిజైరు, హోండా బ్రియో నుంచి అమేజు, టాటా టియాగో నుంచి టిగోరు ఈ విధంగా పుట్టినవే.

ఈ తోకకు గృహస్థుడు అదనపు సొమ్ము చెల్లిస్తాడు. ఆ సొమ్ము చెల్లించడానికి ఒక దేశంలో జనం సంతోషంగా ముందుకు వస్తారు. మరొక దేశంలో ఊరికే ఇస్తామన్నా వద్దంటారేమో అనిపిస్తుంది. దీనికి కారణమేమి?

తెనాలికి ఆంధ్రా పారిస్ అని ముద్దుపేరు ఉన్నది గదా. అసలు పారిస్ ఉన్న ఫ్రాన్సు దేశంలో, సొంతానికి కారు కొనేవారు డాచియా సండేరో అనే హాచ్‌బాక్‌ను విశేషంగా ఆదరిస్తున్నారు. 2024లో ఐరోపా మొత్తం మీద అత్యధికంగా అమ్ముడైన కారు అదే. దీనికి తోక గల రూపం లోగాన్. చిత్రమేమంటే, ముందు పుట్టినది లోగానే, 2004లో. సండేరో తరువాత వచ్చినది. అయినప్పటికీ నేటి లోగాన్‌ను ఫ్రాన్సులో అమ్మరు. రుమేనియాలోనూ, మొరాకోలోనూ అమ్ముతారు. జపానులో మరొక కథ. హోండావారు తమ ఫిట్ కారుకు తోక తగిలించి 2002లో ఫిట్ ఏరియా అనే పేరుతో అక్కడ ప్రవేశపెట్టారు. అది 2009 వరకు నడిచి నిష్క్రమించినది. తోకలేని ఫిట్ మాత్రం నిలిచి ఉన్నది. మన దేశంలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగినది. ఆ తోక కారే ఇక్కడ సిటీ. 1998 నుంచి ఆ పేరు మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నది. ఫిట్‌కు ఇక్కడి పేరు జాజ్. అది 2009లో వచ్చి, 2023లో వెళ్ళిపోయినది. ఇక డిజైరు సంగతి చెప్పనక్కరలేదు. 2018లో మన దేశంలో అన్ని కార్లకంటే ఎక్కువగా అమ్ముడైనది అదే. కాని సుజుకీవారి స్వదేశమైన జపానులో డిజైరు అమ్మకానికే లేదు.

ఐరోపాలో కారు యజమానే సాధారణంగా కారు నడుపుతాడు. వెనుక సీటు తరచు ఖాళీగా ఉంటుంది. దానిని ముందుకు మడిస్తే కారు చిన్న బండిగా మారిపోతుంది. బీరువా ముక్కలైనా, సైకిలైనా అందులో పడతాయి. పాత నగరాల వీధులు ఇరుకు. కారు ఎంత పొట్టిగా ఉంటే నిలుపుకొనడానికి అంత సులువు. మన ఇండ్లలో వెనుక సీటు మడిచే ప్రసక్తి ఎక్కడిది? అక్కడ నాయనమ్మ కూర్చుంటుంది, మేనత్త కూర్చుంటుంది, ఒడిలో పిల్లలు కూర్చుంటారు. సామాను వేరే చోటికి పోవలసిందే. రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళి చేపలు కొని తెచ్చుకొనేవారిని అడగండి, డిక్కీ విలువ ఏమిటో చెబుతారు. హాచ్‌బాక్‌లో ఆ బుట్ట మన తల వెనుకనే ప్రయాణం చేస్తుంది. కూతురికి సారె పంపేటప్పుడు అరిసెల డబ్బాలు ఎక్కడ పెట్టాలన్నా, అమెరికా నుంచి వచ్చిన కొడుకు పెట్టెలు గన్నవరం విమానాశ్రయం నుంచి బాపట్లకు ఎలా తేవాలన్నా ప్రశ్న ఇదే.

దీనికి అలవాటు కూడా తోడైనది. మన పెద్దలకు కారు అంటే అంబాసిడరు లేక ఫియట్. ముందు యంత్రం, నడుమ గది, వెనుక పెట్టె. ఈ మూడూ ఉంటేనే అది నిండు కారు. 1983లో మారుతి 800 వచ్చి లక్షలాది కుటుంబాలకు మొదటి కారు అయినది. అందుచేతనే తోకలేనిది చిన్న కారు అనే భావం స్థిరపడినది. ఈ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. 1999లో ఫోర్డువారు తమ ఫియెస్టా హాచ్‌బాక్‌ను పక్కన పెట్టి, దానికి తోక తగిలించిన ఐకాన్‌నే మనకు తెచ్చారు. వెనుక భాగాన్ని బట్టి మనిషి గౌరవాన్ని కొలవడం నాకు రుచించదు. కాని అల్లుడు దిగబోయే కారు విషయంలో మన ప్రాంతంవారితో వాదించి గెలవడం కష్టం.

అయితే అభిరుచితోనే కథ ముగియదు. తోకను పెంచినదీ, కత్తిరించినదీ పన్ను. 2006 కేంద్ర బడ్జెటులో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లకు మించరాదు. యంత్రం పెట్రోలుదైతే 1200 సి.సి., డీజిలుదైతే 1500 సి.సి. దాటరాదు. హాచ్‌బాక్‌లకు ఇది వరమైనది. తోక ఉన్న కార్లు గీత దాటిపోయాయి. అప్పుడు టాటావారు తమ ఇండిగో తోకను కురచ చేసి 2008లో ఇండిగో సి.ఎస్. అనే కారు తెచ్చారు. అదే సంవత్సరం వచ్చిన మొదటి డిజైరు పొడవు 4160 మిల్లీమీటర్లు. 2012లో దానిని 3995కు కుదించారు. అంటే ఆరున్నర అంగుళాలు తెగినవి. డిక్కీ 440 లీటర్ల నుంచి 316 లీటర్లకు పడిపోయినది. పెట్టె కోసమే కొనే కారులో పెట్టెనే కోయవలసి వచ్చినది! చూపులకు అది మొండి తోక అని ఆక్షేపించినవారు లేకపోలేదు. అమ్మకాలు మాత్రం తగ్గలేదు. అమేజు, ఎక్సెంటు, జెస్టు, ఆస్పైరు వరుసగా ఈ కొలతలోనే వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్‌వారు 2016లో ఆమియో అనే కారును మన దేశం కోసమే తయారు చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ గీతకు ఇవతల జి.ఎస్.టి. 18 శాతం, అవతల 40 శాతం. కనుక గీత ఇంకా బలంగానే ఉన్నది. జపానులోనూ ఇటువంటి గీత ఒకటి ఉన్నది: 3.4 మీటర్ల పొడవు, 660 సి.సి. యంత్రం. అంత పొట్టి కొలతలో తోకకు చోటెక్కడ? అందుకే అక్కడి చిన్న కార్లు నిలువుగా, పెట్టెల మాదిరి పెరిగాయి.

అద్దె కార్లవారి సంగతి వేరుగా చెప్పుకోవాలి. రేపల్లె రైలు మార్గానికి చివరి స్టేషను. వేళగాని వేళ విజయవాడ ఆసుపత్రికో, విమానాశ్రయానికో పోవాలంటే అద్దె కారే దిక్కు. నలుగురినీ వారి సామానునూ మోయగలిగి, తక్కువ ఇంధనంతో నడిచి, చెడితే ప్రతి ఊరిలోనూ బాగుచేయించుకొనే వీలున్న కారు డ్రైవరుకు కావాలి. తోక ఉన్న చిన్న కారు ఈ మూడింటికీ సరిపోయినది. మారుతివారు డిజైరును టూర్ అనే పేరుతో టాక్సీల కోసం వేరుగా అమ్ముతున్నారు కూడా. దీని ఫలితం ఇంకొకటి కూడా ఉన్నది. పసుపు నంబరు పలకతో ఎక్కువగా కనిపించే కారును సొంతానికి కొనడానికి కొందరు వెనుకాడసాగారు. గౌరవం కోరేవారి చూపు ఇప్పుడు ఎత్తైన కార్ల మీదికి మళ్ళినది. 2024లో మన దేశంలో అగ్రస్థానం టాటావారి పంచ్‌కు దక్కినది. దానికి తోక లేదు, ఎత్తు ఉన్నది.

ఇంధనం ఖర్చు తగ్గించుకొనడానికి డ్రైవరు సి.ఎన్.జి. కారు కొంటాడు. గ్యాసు సిలిండరు వచ్చి డిక్కీలోనే అడ్డంగా పడుకొంటుంది. ప్రయాణికుని పెట్టెలు టాపు మీది కారియరుకు ఎక్కుతాయి, వాన వస్తే తడుస్తాయి. ఏ పెట్టె కోసం అదనంగా చెల్లించాడో ఆ పెట్టె అతనికి మిగలదు. 2023లో టాటావారు టిగోరులో ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చి, అదనపు చక్రాన్ని కారు కిందికి మార్చారు. నా దృష్టిలో ఇది పైపై మెరుగులకంటే ఎంతో విలువైన మార్పు.

కారు కొనదలచిన కుటుంబం ముందుగా తన ప్రయాణాలు లెక్క వేసుకొనవలసి ఉంటుంది. ఏడాదిలో ఎన్నిసార్లు అయిదుగురు ఎక్కుతారు, ఎన్నిసార్లు పెట్టెలు వెంట ఉంటాయి? నేటి స్విఫ్టు వెనుక 265 లీటర్ల చోటున్నది, డిజైరు డిక్కీలో 382. ఈ 117 లీటర్ల కోసం ఎంత అదనంగా ఇస్తున్నామో దుకాణంలో అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. డిక్కీ లోతు ఒక్కటే చూడక, మూత తెరిపించి నోరు ఎంత వెడల్పో కూడా చూడండి. మీ ఇంటిలోని పెద్ద సూట్‌కేసును వెంట తీసుకొనిపోయి అందులో పెట్టి చూసినా దుకాణంవారు ఏమీ అనుకొనరు.