'సఫర్' అంటే బాధపడటమేనా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లిష్ బైబిల్ పాత, కొత్త అనువాదాల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు "పది నిమిషాలే" అన్నారు. అందుకని మన బడి ప్రార్థన దగ్గరే మొదలుపెడతాను.

ఎనిమిదో తరగతిలో ఒక సోమవారం అసెంబ్లీలో చదివే వంతు నాకొచ్చింది. మార్కు సువార్త 10వ అధ్యాయంలో, చిన్నపిల్లలను తన దగ్గరకు రానివ్వమని యేసు శిష్యులతో చెప్పే భాగం. పుస్తకం 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం. అందులో 'రానివ్వండి' అనే చోట 'సఫర్' అని ఉంది. నాకు తెలిసిన అర్థం ఒక్కటే, బాధపడటం. మా ఇంట్లో బైబిల్ లేదు, తెలుగులో చూసుకుందామంటే. బాధపడే పిల్లలు దేవుడి దగ్గరకు వెళ్లిపోతారని చెబుతున్నారనుకున్నాను. ఆ వారమే మా చెల్లికి టైఫాయిడ్. మైకు ముందు గొంతు పూడుకుపోయింది. సభాకంపం అనుకుని మాస్టారు భుజం తట్టారు. నేనూ ఏమీ అడగలేదు.

ఆ చెల్లి ఇవాళ మూడో వరుసలో కూర్చుని నవ్వుతోంది.

డిగ్రీలో ఉండగా న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ చేతికొచ్చింది. పూర్తి బైబిల్‌గా అది 1978లో వెలువడింది. అదే చోట 'లెట్' అని ఉంది. రానివ్వండి, అంతే! 1611 నాటికి 'సఫర్'కు అనుమతించడం అనే అర్థం కూడా వాడుకలో ఉండేదట. ఇంకో తమాషా చూడండి. కింగ్ జేమ్స్‌లో కొన్నిచోట్ల 'లెట్' అంటే అడ్డుకోవడం, 'ప్రివెంట్' అంటే ముందుగా వెళ్లడం!

పాత అనువాదకులు మనల్ని తికమకపెట్టాలని రాయలేదు. అంతకుముందే 1526లో విలియం టిండేల్ గ్రీకు నుంచి కొత్త నిబంధనను ఇంగ్లిష్‌లోకి తెచ్చి అచ్చు వేయించాడు. నాగలి పట్టే కుర్రాడికి కూడా అది తెలియాలని ఆయన పట్టుదల. 1536లో ఆయనకు మరణశిక్ష వేశారు. తర్వాత కింగ్ జేమ్స్ పండితులు ఆయన మాటలనే ఎన్నో తీసుకున్నారు. అయితే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో ఆయన 'లవ్' అన్నదాన్ని వాళ్లు 'చారిటీ' చేశారు. 1881 నాటి సవరణలో మళ్లీ 'లవ్' వచ్చింది. చారిటీ అంటే ఇవాళ మనకు చందా పుస్తకమే గుర్తొస్తుంది కదా!

కొత్త అనువాదాలు మార్చింది భాష ఒక్కటే కాదు. 4వ శతాబ్దపు సైనాయ్ చేతిరాత ప్రతి 19వ శతాబ్దంలో పండితుల చేతికి వచ్చింది. మార్కు సువార్త చివరి 12 వచనాలు అందులో లేవు. కొత్త అనువాదాలు చాలావరకు ఆ సంగతి పాఠకుడికి చెబుతాయి.

అలాగని కొత్తదే గొప్పదనను. కింగ్ జేమ్స్‌లో 'దౌ' అంటే ఒక్కరు, 'యీ' అంటే పలువురు. యోహాను 3వ అధ్యాయంలో నికొదేముతో మాట్లాడుతూ యేసు ఒకచోట ఏకవచనం నుంచి బహువచనానికి మారతాడు. పాత అనువాదంలో అది కంటికి కనిపిస్తుంది. నేటి ఇంగ్లిష్‌లో రెండూ 'యూ'లే కాబట్టి తేడా చెప్పాలంటే పేజీ అడుగున సూచిక పెట్టాలి. 'నువ్వు', 'మీరు' రెండూ ఉన్న మనకు ఆ నష్టం ఇట్టే తెలుస్తుంది. అందుకే నా బల్లమీద రెండు పుస్తకాలూ ఉంటాయి.

ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. తెలియని మాట వస్తే పిల్లలు నిఘంటువు తీస్తారు. తెలుసనుకున్న మాట దగ్గరే పొరబడతారు. అందుకని ప్రతి ఏడాదీ మొదటి రోజే చెప్పేవాణ్ణి, "వాక్యం మనసుకు కుదరకపోతే చెయ్యెత్తండి, ఎంత చిన్న మాటైనా సరే" అని.

మా చెల్లి జ్వరం నెల తిరక్కుండానే తగ్గింది. నా భయం పోవడానికి ఆరేళ్లు పట్టింది. ఆ సోమవారం మాస్టారిని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో పోయేది.

సెలవు.