ఆ గడి ఎందుకు?



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో న్యాయశాస్త్రం చదివినవాళ్లు, కంప్యూటర్లు చదివినవాళ్లు ఇక్కడ పక్కపక్కనే కూర్చున్నారు. మీ ఇద్దరికీ పనికొచ్చే కెన్యా కేసు ఒకటి చెబుతాను.

2019లో అక్కడి ప్రభుత్వం 'హుదుమా నంబా' పేరుతో జనం వివరాలు, వేలిముద్రలు సేకరించింది. స్వాహిలీలో హుదుమా అంటే సేవ. మూడున్నర కోట్లకు పైగా జనం నమోదయ్యారు. అందుకోసం సవరించిన చట్టంలో డీఎన్‌ఏ, ఇంటి జీపీఎస్ వివరాలు తీసుకునే వీలు కూడా రాసుకున్నారు! 2020 జనవరిలో హైకోర్టు ఆ రెండూ కుదరవంది. మన ఆధార్ తీర్పును కూడా ఆ న్యాయమూర్తులు చదివారు.

కెన్యాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది 2019 నవంబరులో, అంటే జనం వేలిముద్రలు ఇచ్చేసి ఇళ్లకు వెళ్లిపోయాక. నమోదైనవారికి ఇచ్చే కార్డుల పంపిణీ మీద రాజ్యాంగ పండితుడు యశ్‌పాల్ ఘాయ్, కతీబా ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ కోర్టుకెక్కితే, అప్పటికి ఆ చట్టమే లేదు కదా అంది ప్రభుత్వం. పెళ్లయిపోయాక జాతకాలు అడుగుతారేమిటని దాని ధోరణి. న్యాయమూర్తి జైరస్ న్గా ఒప్పుకోలేదు. గోప్యత హక్కు 2010 రాజ్యాంగం 31వ అధికరణంలోనే ఉంది. దాన్ని కాపాడడానికి వచ్చిన చట్టం వెనకటి సేకరణకూ వర్తిస్తుందన్నారు. జనం సమాచారానికి ఏ ముప్పు ఉందో ముందే మదింపు చేయకుండా కార్డులివ్వడం చెల్లదని 2021 అక్టోబరు 14న తేల్చారు. కోట్లమందిని వరసలో నిలబెట్టిన పథకానికి ఒక్క మదింపు నివేదిక లేక కోర్టులో ఎదురుదెబ్బ తగిలింది.

ఆ సమాచార రక్షణ చట్టంలో నాకు నచ్చని సంగతీ ఉంది. సంస్థలకు గరిష్ఠ జరిమానా 50 లక్షల షిల్లింగులు, లేదా ఏడాది టర్నోవరులో ఒక శాతం. ఏది తక్కువైతే అది. 2023లో తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు పెట్టిన ఒక బడి 45,50,000 షిల్లింగులు కట్టాలన్నారు. ప్రపంచమంతా వ్యాపారం చేసే కంపెనీ తప్పు చేసినా 50 లక్షలు దాటదు. బడికీ దానికీ ఒకటే కొలత అయితే భయపడేది బడి ఒక్కటే.

జరిమానా ఆపలేనిది మీరు ఆపగలరు. రేపు మీలో ఒకరు ఏ ఆసుపత్రికో, బ్యాంకుకో దరఖాస్తు ఫారం తయారుచేస్తారు. కులం, తండ్రి పేరు, ఆధార్ నంబరు అని అలవాటుగా గడులు గీసేస్తారు. ఒక్కో గడి దగ్గర ఆగి, ఇది ఎందుకండీ అని మీ పై అధికారిని అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ గడి కొట్టేయండి.