మన తెర మీద పెత్తనం ఎవరిది?

(కల్లూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ మొరాయిస్తే బాగుచేయించుకోవడం స్త్రీల హక్కుల సమస్య ఎలా అవుతుందని మీలో కొందరికి అనిపించవచ్చు. పొదుపు సంఘాల లెక్కలు, పింఛను దరఖాస్తులు, గృహహింస కేసుల వివరాలు అన్నీ కంప్యూటర్లోకో ఫోన్లోకో చేరాయి. కనుక బాగుచేసేది ఎవరు, వాళ్ళు అందులో ఏమేం చూస్తారు అన్నది మన ప్రశ్నే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. పురుషుల్లో దాదాపు 49 శాతం. అంటే సాయం అడిగేది ఎక్కువగా స్త్రీ, చేసేది ఎక్కువగా పురుషుడు. సాయం వెనకాలే పెత్తనం కూడా వస్తుంది.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి సాఫ్ట్‌వేర్ల గురించి మీరు వినే ఉంటారు. మన తెర మీద వచ్చే అంకెలను అవతలి మనిషికి చెప్పి, మనం అనుమతిస్తే, వాళ్ళు ఎంత దూరంలో ఉన్నా మన తెరను చూడగలరు, మౌస్‌ను కదపగలరు. ఇది మనకు మేలు చేసే సాధనమే. పల్లె నుంచి కంప్యూటర్‌ను బస్సులో కర్నూలుకు మోసుకెళ్ళి, ఒకరోజు కూలి పోగొట్టుకుని, ఎవరి ఫొటోలు ఎవరు చూస్తారోనన్న భయంతో దుకాణంలో వదిలిరావాల్సిన పని తప్పుతుంది.

అయితే సాయం జరిగే తీరు చూడండి. బెంగుళూరులో ఉన్న కొడుకు తల్లి కంప్యూటర్‌లోకి వచ్చి, "నువ్వు సుమ్మనుండుమా, నేను చూసుకుంటా" అంటాడు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఆమెకు ఏమీ తెలియదు. మళ్ళీ చెడితే మళ్ళీ అతన్నే పిలవాలి. ప్రేమతో చేసిన సాయమే ఆమెను పరాధీనురాలిగా ఉంచేస్తుంది.

ఇదే దారిన మోసగాళ్ళూ వస్తున్నారు. బ్యాంకు నుంచని చెప్పి యాప్ పెట్టించి, అంకెలు అడిగి, తెర మీద వచ్చే ఓటీపీని చదివేస్తారు. ఈ పద్ధతి గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇంట్లో మరో ప్రమాదం ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లలో శాశ్వత పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది. దాన్ని భర్త పెట్టుకుంటే, ఆమె అనుమతి అడగకుండానే ఎప్పుడైనా లోపలికి రావచ్చు. మన దగ్గరకు ఫిర్యాదు రాసుకోవడానికి వచ్చే స్త్రీకి ఇది చిన్న విషయం కాదు.

డబ్బు పోయిన ఒక చెల్లెలు నాతో చెప్పింది: "అక్కా, ఇంట్లో తెలిస్తే ఫోన్ గుంజుకుంటారని నాలుగు రోజులు ఎవురికీ చెప్పలేదు." ఆ నాలుగు రోజుల మౌనానికి ఖరీదు ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వులో, ఖాతాదారు రహస్య వివరాలు ఇచ్చినందువల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేవరకు పోయినదంతా ఖాతాదారే భరించాలని, తెలిపిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలని పేర్కొంది. 1930కి వెంటనే ఫోన్ చేస్తే, మోసగాడి ఖాతాలో డబ్బును ఆపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. "నీకెందుకే ఫోను" అన్న తిట్టు ఆమెను అవమానించడంతో ఆగదు, డబ్బు తిరిగొచ్చే దారిని కూడా మూసేస్తుంది. ఇతరుల పేరుతో కంప్యూటర్ ద్వారా మోసం చేయడం సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడే నేరం. నేరం చేసింది వాడు. బోనులో నిలబెడుతున్నది ఆమెను.

కనుక మన సంఘాలలో కొన్ని పద్ధతులు పెట్టుకుందాం. సాయం కోసం మనమే ఫోన్ చేయాలి. తమంత తామే ఫోన్ చేసి అంకెలు అడిగేవారికి ఇవ్వకూడదు. తెర తెరిచే ముందు బ్యాంకు పేజీలు, కేసు కాగితాలు, ఫొటోలు మూసేయాలి. సాయం చేసేవారు ముందు చూడటానికి మాత్రమే అనుమతి తీసుకోవాలి. ఎక్కడ నొక్కాలో నోటితో చెప్పాలి, నొక్కేది ఆమే కావాలి. తప్పనిసరైతేనే మౌస్ తీసుకోవాలి, అదీ అడిగి. పని కాగానే సంబంధాన్ని తెంపేది కూడా ఆమే. శాశ్వత పాస్‌వర్డ్ ఉందేమో చూసి తీసేయాలి. అయితే భర్త నిఘా ఉన్నచోట అది తీసేస్తే అతనికి తెలిసిపోతుంది, హింస పెరగవచ్చు. అక్కడ ముందు ఆమె భద్రత ఆలోచించి, వేరే ఫోన్ నుంచి మాట్లాడాలి.

ఈ పని నేర్చుకున్న ఇద్దరు స్త్రీలు ప్రతి మండలంలో ఉంటే చాలు. వాళ్ళకు గౌరవవేతనం ఇవ్వాలని కూడా మనం అడగాలి. స్త్రీల సాయం ఎప్పుడూ ఉచితమే అనుకోవడం పాత అలవాటు. దాన్ని కొత్త యంత్రంలోకి మోసుకురావద్దు.