తేలువిషము – దాని విరుగుడు



నేడు నేను ముచ్చటింపబోవునది తేలువిషమును గూర్చి. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో గడ్డివామి నుండి గడ్డి దూయువారికిని, పిడకల గూటిలో చేయి పెట్టు స్త్రీలకును, ఇటుకలు మోయు కూలివారికిని తేలుతో పరిచయము కలదు. తేలు కుట్టినదనగానే మన యూళ్లలో మంత్రగానికి కబురు పోవును. అతడు వచ్చి వేపమండతో దిగదుడుచును. చుట్టును చేరినవారు అడుగు ప్రశ్న ఒక్కటే: “దిగిందా?” నొప్పి దిగినచో విషము దిగినదని మన నమ్మకము. ఆ నమ్మకము ప్రాణాంతకమని చెప్పుటకే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని. ఒకప్పుడు నేనును ఆ నమ్మకముతోనే మాటలాడితిని. కావున ముందుగా నా కథనే చెప్పెదను.

అది 1978వ సంవత్సరపు వేసవి. నేను వైద్యవిద్యార్థిని, సెలవులకు తెనాలికి కొన్ని మైళ్ల దూరమున నున్న మా యూరికి వచ్చియుంటిని. ఒకనాటి సాయంకాలము మా పినతండ్రిగారి మనుమనిని, ఆరేండ్ల పసివానిని, ఇటుకల కుప్పకడ తేలు కుట్టినది. అది చిన్న ఎఱ్ఱతేలు. బాలుడు గొల్లున ఏడ్చెను. మంత్రగాడు వచ్చెను. అరగంటలో ఏడుపు మానెను. మంత్రగాడు “దిగిపోయిందండీ” అనెను. మా పిన్ని నా వంక చూచి, “నువ్వేమంటావురా, తెనాలి తీసుకుపోదామా?” అని అడిగినది. “నొప్పి తగ్గింది కదా పిన్నీ, ఇంకెందుకు?” అని నేనే అంటిని. వైద్యము చదువుచున్నవాడు చెప్పినాడు గాన అందఱును ధైర్యపడిరి.

బాలునికి రెండు మూడు వాంతులైనవి. ఒడలంతయు చెమటతో తడిసినది. చేతులు, కాళ్లు మంచువలె చల్లబడినవి. వేసవిరాత్రి చల్లనిచేతులేమిటని మేమెవ్వరమును ఆలోచింపలేదు. నడిరాత్రికి ఎగశ్వాస పుట్టి, నోట గులాబిరంగు నురుగు వచ్చినది. బండి కట్టుకొని తెనాలి దారి పట్టితిమి. ఊరు కనబడకముందే బాలుడు కన్నుమూసినాడు. మంత్రగానిని నేను నిందింపను. అతడు తనకు తెలిసినది చేసెను. నేను మాత్రము తెలియనిదానిని తెలిసినట్లు చెప్పితిని.

ఆ రాత్రి ఆ చిన్న దేహములో ఏమి జరిగినదో నాకు కొన్ని యేండ్ల తరువాత గాని బోధపడలేదు. అది తెలియుటకు ముందు మన శరీరమునందలి ఒక ఏర్పాటును తెలిసికొనవలెను.

మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వాని నుండి అడ్రినలిన్ అను ద్రవ్యము రక్తములో చేరును. దానికి తోబుట్టువు వంటి ద్రవ్యము నరముల కొనలనుండి ఊరును. కోడెగిత్త మీదికి వచ్చినప్పుడు గుండె దడదడలాడుట, చేతులు చల్లబడుట, రోమములు నిక్కబొడుచుకొనుట ఈ రెంటి పనియే. ఆపదలో ఇవి మనకు మేలు చేయును. ఈ గ్రంథుల సారము రక్తపుపోటును పెంచునని 1894లో ఇంగ్లండునందు ఆలివర్, షేఫర్ అనువారు కనుగొనిరి. 1901లో జపానుదేశీయుడైన టకమీనె ఆ ద్రవ్యమును వేఱుపఱచెను. ఒకే ద్రవ్యము ఒకచోట బిగించి, మఱియొకచోట సడలించుట ఎట్లు? దీనికి 1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్‌క్విస్టు సమాధానము చెప్పెను. ఈ ద్రవ్యమును అందుకొను గ్రాహకములు శరీరములో రెండు తెగలవి గలవనియు, వానికి ఆల్ఫా, బీటా అని పేరులనియు ఆయన వివరించెను. ఆల్ఫా తెగ రక్తనాళములను బిగించును. బీటా తెగ గుండెను వడిగా కొట్టించును, ఊపిరిగొట్టములను సడలించును.

మన కాలువల పోలికతో చెప్పినచో ఇది సులభముగా తెలియును. కాలువ నిండుగా పాఱుచుండగా పంటబోదెల తూములన్నియు ఒక్కసారిగా మూసిరనుకొనుడు. బోదెలు ఎండును. కాలువలో నీరు ఎగదన్నును. గట్టు బలహీనముగా నున్నచోట గండి పడును. ఎఱ్ఱతేలు విషము చేయునది ఇదియే. అది నరముల కొనలను విడువక రెచ్చగొట్టి, అడ్రినలిన్‌ను, దాని తోబుట్టువును వెల్లువగా విడిపించును. ఆల్ఫా గ్రాహకములు చేతులలోను, కాళ్లలోను ఉన్న నాళముల తూములను మూసివేయును. అందుచేతనే అవి చల్లబడును. రక్తపుపోటు పెరిగి గుండె అలసిపోవును. నీరు వెనుకకు ఎగదన్ని ఊపిరితిత్తులలో గండి పడును. ఆ గులాబి నురుగు ఆ గండినీరే.

ఇంకొక వింత కలదు. విషము ఒడలంతట వ్యాపించినవానికి కుట్టినచోట నొప్పి స్వల్పముగా నుండుట, లేకపోవుట తఱచు. విపరీతమైన నొప్పి తప్ప వేఱు లక్షణము లేనివాడు సాధారణముగా బ్రతికి బయటపడును. మనము “దిగింది” అని సంతోషించు సమయమే కొందఱికి అపాయసమయము!

మహారాష్ట్రమున కొంకణ ప్రాంతమునందు మహాడ్ అను ఊరు కలదు. అచట హిమ్మత్‌రావు బావస్కర్ అను వైద్యుడు ఎఱ్ఱతేలు కుట్టిన పల్లెపిల్లలు మరణించుట కన్నులార చూచి, ప్రతి రోగి నాడిని, రక్తపుపోటును, చేతుల చల్లదనమును గంటగంటకు వ్రాసిపెట్టెను. రక్తపుపోటుకై వాడుచుండిన ప్రేజోసిన్ అను మాత్ర ఆల్ఫా గ్రాహకములను అడ్డగించును గదా, ఇచట ఏల పనిచేయరాదు అని ఆయన తలంచి, ఇచ్చి చూచెను. మూసికొనిన తూములు తెఱచుకొనినవి. ఆ ఫలితమును 1986లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించెను. అంతకుముందు విషము తలకెక్కినవారిలో నూటికి 30 మంది వఱకు చనిపోవుచుండగా, ఈ మందు వచ్చిన పిమ్మట ఆ సంఖ్య 1, 2కు దిగినట్లు ఆయన లెక్కలు చెప్పుచున్నవి. ప్రేజోసిన్‌తోపాటు తేలువిషమునకు ప్రతివిషసూదిని కూడ ఇచ్చినచో రోగి మఱింత త్వరగా కోలుకొనునని 2011లో తేలినది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. పెద్దనగరము కాదు, పెద్ద ప్రయోగశాల కాదు. పల్లెరోగి మంచముకడ కూర్చుండి కనుగొనిన విద్య ఇది.

1991లో నేను రేపల్లె ప్రాంతమున వైద్యము చేయుచుండగా తొమ్మిదేండ్ల బాలికను ఆమె నాయనమ్మ తీసికొనివచ్చెను. “ఏడుపు మానింది గాని చేతులు ఐసుగడ్డల్లా ఉన్నయ్ డాక్టరుగారూ, నాకు భయంగా ఉంది” అని ఆ వృద్ధురాలు పలికెను. చదువురాని ఆ తల్లి నేను 1978లో గుర్తింపనిదానిని గుర్తించెను. ప్రేజోసిన్ ఇచ్చి, పడుకొనబెట్టి, చేతులు కాళ్లు వెచ్చబడు వఱకు మూడేసి గంటలకు మరల ఇచ్చుచుంటిని. తెల్లవాఱుజామున బాలిక బొటనవ్రేలు పట్టుకొని నొప్పి నొప్పి అని ఏడ్వసాగెను. ఆ యేడుపు విని నాకు కన్నీరు వచ్చినది. నొప్పి తిరిగి వచ్చుటయే విషము తగ్గుటకు గుర్తు.

పెద్దలారా, మీరిప్పుడు ఒక ప్రశ్న వేయవచ్చును: మంత్రముతో ఎందఱో బాగుపడుచున్నారు గదా? నిజమే. తేళ్లలో పెక్కింటి విషము ప్రాణము తీయునంతటిది కాదు. చూచుటకు భయంకరముగా నుండు మండ్రగబ్బ కంటె చిన్న ఎఱ్ఱతేలే ప్రమాదకారి. తనంత తానే బాగుపడు రోగి మంత్రగాని ఖాతాలో చేరుచున్నాడు. మంత్రము వేయించుకొనదలచినచో ఆసుపత్రి దారిలో బండిమీదనే వేయించుకొనుడు. కాలము మాత్రము పోగొట్టుకొనవద్దు.

మందు మంచిదని వినినంతనే ఇంటిలో నున్న మాత్ర మ్రింగించుటయు తగదు. ప్రేజోసిన్‌ను బరువు కిలో ఒక్కింటికి 30 మైక్రోగ్రాముల చొప్పున తూచి ఇత్తురు. మ్రింగినవానిని కూర్చుండబెట్టినను, నిలువబెట్టినను పోటు పడిపోయి మూర్ఛిల్లవచ్చును. ప్రోస్టేటు గ్రంథి వాచి మూత్రము సరిగా రాని పెద్దలకు ఈ జాతి మందులే ఇత్తురు గాన, వారును మంచము మీదినుండి మెల్లగా లేవవలెను. గుండెకును పోటుకును వాడు ప్రొప్రనలాల్, అటినలాల్ వంటివి బీటాను అడ్డగించునవి. వీనిని తమంత తాము ఒక్కసారిగా మానరాదు. ఉబ్బసము గలవారు పొరుగువారి మాత్ర ఎరువు తెచ్చుకొని మ్రింగరాదు. అడ్రినలిన్‌నే చూడుడు. తేలు కుట్టినప్పుడు అది వెల్లువయై చంపును. కందిరీగ కుట్టియో, సూదిమందు పడకయో ఒడలు దద్దురులెక్కి, గొంతు మూసికొని, నాడి జాఱిపోవునప్పుడు అదే అడ్రినలిన్ తొడకండలో సూదిగా ఇచ్చినచో ప్రాణము నిలుపును. ఒకచోట తూములు తెఱువవలెను, ఒకచోట మూయవలెను. ఏది యెప్పుడో నిర్ణయించుట వైద్యుని పని.

మన పని ఇది. తేలు కుట్టినచోట కోయవద్దు, కాల్చవద్దు, బిగించి కట్టవద్దు. ఎన్ని గంటలకు కుట్టినదో గుర్తుంచుకొనుడు. వాంతులు, కాఱు చెమట, నోట చొంగ, చల్లని చేతులు కాళ్లు, మగపిల్లలలో అంగము బిగిసియుండుట: వీనిలో ఒక్కటి కనబడినను క్షణము ఆగవద్దు. పసిపిల్లలైనచో లక్షణములకై ఎదురుచూడనే వద్దు. 108 వాహనమును పిలిచి దగ్గఱి ఆసుపత్రికి చేర్పుడు. పిడకలు, కట్టెలు, ఇటుకలు కఱ్ఱతో కదలించిన పిమ్మటనే చేతితో ముట్టుడు. చీకటిలో దీపము లేక నడువవద్దు.

ఊరిలో పెద్దవారి మాటకు విలువ కలదు. ఒకనాడు నా మాటకును ఆ విలువ దొరకినది. దానిని నేను చెడగొట్టితిని. ఇకమీదట మీ వీధిలో తేలు కుట్టినదని పిలుపు వచ్చినప్పుడు “దిగిందా?” అని అడుగకుడు. ముందు బిడ్డ చేయి పట్టి చూడుడు. అది చల్లగా నున్నచో, బండి కట్టుమనుడు.

సెలవు.