కరివేపాకు మొక్క మీద ట్రాయ్ రాకుమారుడు
(సంఘం వార్షికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. కనుక నాకిచ్చిన పది నిమిషాలూ ఒక సీతాకోకచిలుకకు కేటాయిస్తాను.

మా పెరట్లో కరివేపాకు మొక్క మా ఆవిడ నాటింది. ఆమె పోయాక దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. దానికి పురుగు పట్టింది. చిన్నవి పిట్టరెట్టలా ఉండేవి, పెద్దవి పచ్చగా బలిసి ఉండేవి. తాకితే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదిలేవి. రెండేళ్లపాటు పుల్లతో ఏరి చంపాను. ఒకనాడు పక్కింట్లో జువాలజీ చదివే అమ్మాయి చూసి, "అయ్యో తాతగారూ, అవి పాపిలియో పాలిటీస్ పిల్లలండీ" అంది.

పేరు పట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాను. (ఫైలు నంబరు వెంటపడే అలవాటు ఎక్కడికి పోతుంది?) పాలిటీస్ అంటే గ్రీకులో పౌరుడు. పురాణాల్లో ఆ పేరుగలవాళ్లు ఇద్దరు కనిపించారు. ఒకడు ఒడిస్సియస్ అనుచరుడు. మంత్రగత్తె సర్సీ ఇంటిముందు నిలబడి, పిలుద్దాం రండన్నది ఇతగాడే. లోపలికి వెళ్లినవాళ్లంతా పందులయ్యారు. రెండోవాడు ట్రాయ్ రాజు ప్రయామ్ కొడుకు, హెక్టరుకు తమ్ముడు. ఇలియడ్‌లో తన కాళ్ల చురుకును నమ్ముకుని ఊరికి కావలి కాస్తాడు. వర్జిల్ కావ్యంలో అకిలీస్ కొడుకు అతన్ని కన్నతండ్రి కళ్లెదుటే చంపుతాడు. ఆ ఘట్టం చదివాక నా పుల్ల గుర్తొచ్చింది.

1758లో లిన్నేయస్ కొన్ని సీతాకోకచిలుకలకు ట్రాయ్ వీరుల పేర్లు పెట్టాడు. హెక్టర్ అనే నల్లరెక్కల, ఎర్రవొంటి చిలుక మన దేశంలోనూ ఉంది. దాని గొంగళి ఈశ్వరి తీగ తిని విషం వంటబట్టించుకుంటుంది, పిట్టలు ముట్టవు. పాలిటీస్‌కు విషం లేదు. అయినా దాని ఆడవాటిలో కొన్ని అచ్చం హెక్టర్ వేషం వేసి బతికిపోతాయి. తమ్ముడు అన్నగారి చొక్కా తొడుక్కున్నట్టు! మగవి మాత్రం వేషం వేయవు. లిన్నేయస్‌కు ఈ సంగతి తెలిసే వీలు లేదు. ఇటువంటి అనుకరణను బేట్స్ వివరించింది 1862లో. ఈ వేషమంతా ఒక్క జన్యువు చేతిలో ఉందని 2014లో తేల్చారు.

పుల్ల పారేశాను. మొక్క ఈ ఏడు సగం బోడిగా ఉంది. చారులోకి కరివేపాకు బజారులో కొంటున్నాను. మా ఆవిడుంటే ఏమనేదో మరి.