చీకటి గది – తడి చేతులు



జి. కొండూరులో మా మామిడి తోట షెడ్డులో ఒక మూల ఫోటోలు కడిగే చీకటి గది పెట్టుకున్నాను. డెవలపరు, ఫిక్సరు తొట్లు, ఎర్ర దీపం, ఎన్‌లార్జరు – అదీ నా సరంజామా. తెల్ల కాగితం మీద మనవరాలి ముఖం మెల్లగా తేలుతుంటే ఆ ఆనందమే వేరు.

అయితే అక్కడ తడి చేతులతోనే స్విచ్చి ముట్టుకోవలసి వస్తుంది. "ఫ్యూజు ఉందిగా, భయమెందుకు?" అంటారు మిత్రులు. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగను కాపాడుతుంది గాని మనిషిని కాదు. ఆంపియరులో పదో వంతు గుండె గుండా పోయినా ప్రాణాపాయమే. అంత కొద్ది కరెంటుకు ఫ్యూజు పోదు.

అందుకే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి షెడ్డుకు ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాను. కరెంటు మన ఒంటి గుండా భూమిలోకి పోతే అది రెప్పపాటులో సరఫరా ఆపుతుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం అదీ కాపాడలేదు. నెలకోసారి దాని టెస్టు బటను నొక్కి చూస్తాను. వేసవిలో చెట్లకు నీళ్ళు పెట్టేటప్పుడే ఎర్తు గుంటలోనూ రెండు బిందెలు పోస్తాను.

మీ ఇంటి బోర్డులో అది ఉందో లేదో ఈ సాయంత్రమే చూడండి. వ్యాపకం మన ఒక్కరిదే, ప్రాణం ఇంటిల్లిపాదిదీ. సెలవు.